ఏసీ కారితే గోడకు బూజు: ఖరగ్‌పూర్ ఇళ్లలో వానాకాలపు చెమ్మను వదిలించుకోవడం ఎలా?

శ్రావణం వచ్చేసరికి ఖరగ్‌పూర్‌లో ఎండ తీవ్రత తగ్గుతుంది గానీ ఉక్కపోత తగ్గదు. ఏసీ ఆపితే నిద్ర పట్టదు. అలా రాత్రులన్నీ నడిచిన ఏసీ కింద ఒకనాటి ఉదయం గోడ మీద లేత గోధుమరంగు చార కనిపిస్తుంది. వారం తిరిగేసరికి చార అంచున నల్లటి చుక్కలు మొదలవుతాయి. బీరువా తెరిస్తే ముక్కిన వాసన వస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవారో పసిపిల్లలో ఉంటే రాత్రిళ్లు దగ్గు పెరుగుతుంది. చాలా ఇళ్లలో అప్పుడు చేసే పని ఒకటే: గోడను పొడిగుడ్డతో తుడిచి, రంగు డబ్బా తెచ్చి, మచ్చ మీద పూత వేయడం. నెలలోగా ఆ మచ్చ మళ్లీ బయటపడుతుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఖరగ్‌పూర్ ఇప్పుడు తాతముత్తాతల ఊరు. తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు అందరి దృష్టీ పడింది ఈ పట్టణం మీదనే. ఈ కుటుంబాలలో కొన్ని రైల్వే క్వార్టర్లలో, కొన్ని పదవీ విరమణ తరువాత కట్టుకున్న సొంత ఇళ్లలో, మరికొన్ని కొత్త ఫ్లాట్లలో నివసిస్తున్నాయి. ఇంటి స్వరూపం ఏదైనా ఏసీ చెమ్మ సమస్య దాదాపు ఒకే తీరులో వస్తుంది, పరిష్కారం కూడా ఒకే క్రమంలో జరగాలి. ముందు నీటిని ఆపాలి, తరువాత గోడను ఆరబెట్టాలి, ఆపైనే బూజును తొలగించాలి. రంగు చిట్టచివరి పని. ఈ వరుస తారుమారైతే పెట్టిన ఖర్చంతా వృథా.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఏసీ పుట్టింది మనుషులను చల్లబరచడానికి కాదు, గాలిలోని తేమను అదుపు చేయడానికి. 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు ఈ యంత్రానికి రూపకల్పన చేశాడు. వేసవి తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద మరో రంగు సరిగా పడకపోవడమే అక్కడి ఇబ్బంది. గాలిని చల్లని గొట్టాల మీదుగా పంపితే తేమ నీరై విడిపోతుందన్నది ఆయన ఆధారపడిన సూత్రం. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు చెమట పట్టడం కూడా ఇదే. నేటికీ మన పడకగదిలోని ఏసీ చేసే పని అంతకు భిన్నమైనది కాదు.

ఆ విడిపోయే నీరు కొద్దిపాటిది కాదు. తేమ ఎక్కువగా ఉన్న రోజున 1.5 టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల నీటిని గాలిలోంచి తీయగలదు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లెక్క వేసుకుంటే అది పెద్ద బకెట్టెడు నీరు. యంత్రం బాగున్నంత కాలం అదంతా లోపలి ట్రేలో పడి, సన్నని గొట్టం గుండా వీధిలోకి పోతుంది. ఆ దారి మూసుకుపోతే నీరు గోడను పట్టుకుంటుంది. గదిని పొడిగా ఉంచవలసిన యంత్రమే గోడను తడుపుతుంది.

దారి మూసుకుపోవడానికి కారణాలు కొన్నే. అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది ట్రేలోను, గొట్టంలోను పేరుకునే జిగురు. దుమ్ము, తేమ కలిసి అక్కడ సూక్ష్మజీవుల పొర ఏర్పడుతుంది. చూడటానికి ముద్ద కట్టిన జున్నులా ఉంటుంది. రెండవది వాలు. స్ప్లిట్ ఏసీ గొట్టం గదిలోంచి బయటకు వెళ్లే రంధ్రం వీధివైపు కిందికి వాలి ఉండాలి. రాగి గొట్టాలతో కలిపి కట్టేటప్పుడు నీటి గొట్టం అన్నిటికంటే అడుగున ఉండాలి. బిగించేవారు తొందరలో దాన్ని పైన కట్టేస్తే మొదటి వేసవిలోనే ఫలితం కనిపిస్తుంది. కిటికీ ఏసీ అయితే వెనుకభాగం బయటి వైపుకు కొద్దిగా వంగి ఉండాలి. తాపీ మేస్త్రీ వాడే రసమట్టం పెట్టి చూస్తే ఈ సంగతి అర నిమిషంలో తేలుతుంది. బయటికి వచ్చిన గొట్టం చివరను బకెట్ నీటిలో మునిగేలా ఉంచడం కూడా పొరపాటే. గొట్టంలో గాలి చిక్కుకొని నీరు వెనక్కి నిలుస్తుంది.

మూడవ కారణం మంచు. ఫిల్టరు దుమ్ముతో నిండిపోయినా, గ్యాసు తగ్గినా లోపలి గొట్టాల మీద మంచు గడ్డకడుతుంది. ఏసీ ఆపగానే అది ఒక్కసారిగా కరిగి ట్రే అంచులు దాటుతుంది. ‘ఏసీ నడుస్తున్నప్పుడు బాగానే ఉంది, ఆపాక కారుతోంది’ అన్న ఫిర్యాదుకు సాధారణంగా అర్థం ఇదే. ఇక్కడ ఒక మాట. గ్యాసు దానంతట అది ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు ఎక్కడో చూడకుండా ఏటా గ్యాసు నింపి డబ్బు తీసుకునే మెకానిక్‌ను ఆ ఒక్క ప్రశ్న అడగడం గృహస్థు హక్కు.

గొట్టాన్ని పరీక్షించడం సులువు. మీట ఆపి, మెయిన్ కూడా కట్టేసి, మెకానిక్ చేత మూత తీయించి, చెంబెడు నీరు మెల్లగా ట్రేలో పోయించాలి. కొద్ది నిమిషాల్లో ఆ నీరు బయట గొట్టం చివర నుంచి ధారగా రావాలి. చుక్కలుగా వస్తే లోపల అడ్డం ఉందని గ్రహించాలి. ఏసీ కింద స్విచ్ బోర్డు గానీ ప్లగ్ గానీ ఉండి, ఆ గోడ తడిగా ఉన్నట్లయితే దాన్ని తాకకుండా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. బూజు పని తరువాత చూసుకోవచ్చు, ఇది చూసుకోలేము.

ఏసీ నీరా, వాన నీరా?

గోడ చెమ్మకు ఏసీ ఒక్కటే కారణం కాదు. నేలలోంచి పైకి పాకే చెమ్మ మోకాలి ఎత్తు, నడుము ఎత్తు వరకు అడ్డంగా కనిపిస్తుంది. పైకప్పు కారితే మచ్చ పైనుంచి దిగుతుంది, వాన పడిన మరునాడు పెరుగుతుంది. ఏసీ నీటి మచ్చ యంత్రం అడుగునో, గొట్టం గోడలో దిగిన దారి వెంబడో ఉంటుంది. వాన లేని రోజుల్లో కూడా పెరుగుతుంది. మచ్చ అంచున పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి, నాలుగు రోజులు ఏసీ ఆపి చూస్తే అనుమానం తీరుతుంది. గోడ మీద తెల్లటి పొడి మాత్రమే రాలుతుంటే అది బూజు కాకపోవచ్చు. ఇటుకలోని ఉప్పు పైకి తేలడం వల్ల కూడా అలా అవుతుంది. చుక్క నీరు వేస్తే ఉప్పు కరిగిపోతుంది, బూజు కరగదు.

ఇంకొక రకం చెమ్మ ఉంది. చాలామంది గమనించనిది ఇదే. గొట్టం బాగానే ఉంటుంది, ఎక్కడా లీకు ఉండదు, అయినా గోడ తడుస్తుంది. వాతావరణం 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు 26 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం మీదనైనా నీటి బిందువులు ఏర్పడతాయి. పడకగదిలో ఏసీని 18 దగ్గర పెట్టి నిద్రిస్తే అవతలి గది వైపు గోడ కూడా చల్లబడుతుంది. అవతల ఏసీ లేని వంటగదో సామాన్ల గదో ఉంటే అక్కడి గోడకు చెమట పడుతుంది. బూజు పట్టేది ఆ గోడకు, నిందపడేది ఆ గది తాపీ పనికి. ఉదయం లేవగానే ఏసీ ఆపి కిటికీలు బార్లా తెరిచే అలవాటు కూడా ఇలాంటిదే. చల్లని గోడల మీదికి వీధిలోని తడిగాలిని మనమే ఆహ్వానిస్తాము. ముసురు పట్టిన రోజుల్లో గది మామూలు వేడికి వచ్చాక, మధ్యాహ్నం కాస్త ఎండ పొడచూపినప్పుడు కిటికీలు తెరవడం మేలు.

లీకు వల్లనా, గాలిలోని తేమ వల్లనా అని తేల్చడానికి ఒక పాత ఉపాయం ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయాలి. కాగితం వెనుక, అంటే గోడ వైపు, నీటి బిందువులు చేరితే తడి గోడలోపలే ఉంది. పైవైపు చేరితే అది గాలి నుంచి వచ్చింది. మొదటిదానికి మెకానిక్, తాపీ మేస్త్రీ కావాలి. రెండవదానికి ఏసీ అంకె మార్చుకుంటే చాలు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు గల గది ఏసీలన్నీ 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా ఇంధన సామర్థ్య బ్యూరో నిబంధన తెచ్చింది. ఉద్దేశం విద్యుత్తు ఆదా. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని అంచనా. గోడకు కూడా ఆ అంకె మంచిదే.

బూజుకర్ర పనికిరాదు

తెలుగులో బూజు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మూలల్లో వేలాడే సాలెగూటి దుమ్మూ బూజే, ఆవకాయ జాడీలో తేలే తెల్లటి పొరా బూజే. మొదటిదాన్ని కర్రతో దులుపుతాము. ఆ అలవాటుతోనే రెండవదాన్ని కూడా పొడి చీపురుతో దులపబోతాము. ఇరుగుపొరుగు బెంగాలీ కుటుంబాలు ఈ రెండవదాన్ని ‘ఛాతా’ అంటాయి. వారికి ఈ గందరగోళం లేదు. గోడ మీది నల్లని మచ్చ శిలీంధ్రం. కంటికి కనిపించని దాని సిద్ధబీజాలు కొన్ని మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. పొడిగా దులిపితే అవి గదంతా పరచుకొని గంటల తరబడి గాలిలో తేలుతాయి. అందుకే బూజు పట్టిన చోటును ఎప్పుడూ ముందు తడిపి, ఆ తరువాతే తుడవాలి. ఆ సమయంలో ఫ్యాను, ఏసీ ఆపి ఉంచాలి. ఎన్95 మాస్కు, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఆ పూట వేరే గదిలో ఉండాలి. మచ్చ సుమారు ఒక చదరపు మీటరు లోపు ఉంటే ఇంటివారే శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించితే ఈ పని తెలిసినవారికి అప్పగించడం మంచిది.

టైల్సు, గాజు, ఇనుప బీరువా, ఆయిల్ పెయింటు వేసిన గోడ వంటి గట్టి ఉపరితలాలకు సబ్బు నీరు చాలు. గట్టిగా రుద్ది, మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. పుట్టీ ఉబ్బి పెచ్చులుగా లేస్తున్న గోడకు మాత్రం తుడవడం సరిపోదు. బూజు లోపలికి దిగి ఉంటుంది. ఆ భాగాన్ని తడిపి, గట్టి ప్లాస్టరు కనిపించేవరకు గీకి, వచ్చిన చెత్తను సంచిలో మూటకట్టి బయట పారవేయాలి. తడిసి బూజు పట్టిన పరుపులు, దిండ్లు, అట్టపెట్టెలను కాపాడుకోవాలని చూడకపోవడమే మంచిది. జిప్సం పలకల సీలింగుదీ అదే దారి. బట్టలను వేడినీటిలో ఉతికి ఎండలో ఆరేస్తే సరిపోతుంది.

బ్లీచింగ్ విషయంలో ప్రత్యేక హెచ్చరిక అవసరం. గోడ వంటి నీరు పీల్చే వస్తువుల మీద అది పైరంగును మాత్రమే తెల్లబరుస్తుంది, లోపలి బూజును వదిలేస్తుంది. అంతకంటే ముఖ్యం, బ్లీచింగ్‌ను బాత్‌రూము కడిగే యాసిడ్‌తో గాని, వెనిగర్‌తో గాని కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కలిపినా విషవాయువులే వస్తాయి. తలుపులు మూసిన చిన్న గదిలో ఇది ప్రాణాంతకం. రెండు కలిపితే రెట్టింపు శుభ్రం అవుతుందన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. కర్పూరం బిళ్లలు, నాఫ్తలీన్ గోళీలు, సాంబ్రాణి పొగ వాసనను కప్పిపెట్టడానికే పనికివస్తాయి. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఆ పొగ అదనపు కష్టం.

రైల్వే కుటుంబాల బీరువాలో బట్టలకంటే విలువైనవి ఉంటాయి. పెన్షన్ ఉత్తర్వు, సర్వీసు కాగితాలు, ఊళ్లోని భూమి దస్తావేజులు, తాతగారి యూనిఫారం ఫోటో తరచుగా ఏసీ గోడకు ఆనించిన ఆ బీరువాలోనే ఉంటాయి. తడిసిన కాగితాలను ఎండలో పడేయకుండా నీడలో, ఫ్యాను గాలికి, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి ఆరబెట్టాలి. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లోని మంచు అరలో ఉంచితే బూజు పెరుగుదల ఆగుతుంది. పుస్తక భాండాగారాలలో కూడా అనుసరించే పద్ధతి ఇది. ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలను బలవంతంగా విడదీయకూడదు. ఇక బీరువాను గోడకు కనీసం నాలుగు అంగుళాల దూరం జరపడానికి ఖర్చేమీ లేదు.

ఆరోగ్యం మాటేమిటి?

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి ఉబ్బసం, శ్వాసకోశ ఇబ్బందులు ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఎంత బూజు ఉంటే ప్రమాదం అన్న హద్దును ఆ సంస్థ గీయలేదు, ఇంట్లో చెమ్మే ఉండకూడదన్నది దాని సలహా. తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ల దురద, రాత్రి దగ్గు ఇంట్లో ఉన్నప్పుడు పెరిగి, ఊరు వెళితే తగ్గుతుంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. గతంలో క్షయ సోకి ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవారు, కీమోథెరపీ పొందుతున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు బూజు శుభ్రం చేసే పనికి దూరంగా ఉండాలి. వారిలో ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రాలు ఊపిరితిత్తుల్లో స్థిరపడే అవకాశముంది.

2021లో కోవిడ్ రెండో విడత సమయంలో ‘బ్లాక్ ఫంగస్’ అన్న మాట పుట్టించిన భయం ఇంకా పోలేదు. గోడ మీద నల్లమచ్చ చూడగానే ఆ జబ్బు గుర్తుకు రావడం సహజమే. కానీ ఆనాటి మ్యూకర్‌మైకోసిస్‌కు కారణమైనవి వేరే జాతి శిలీంధ్రాలు. అదుపు తప్పిన మధుమేహం, అధిక మోతాదు స్టెరాయిడ్లు దానికి దారి వేశాయి. నలుపు అన్నది శిలీంధ్రం రంగు కాదు, చచ్చుబడిన శరీర కణజాలం రంగు. గోడ బూజును చూసి ప్రాణభయం అక్కరలేదు, అలా అని నిర్లక్ష్యమూ తగదు.

రంగు ఎప్పుడు వేయాలి?

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లు రెండు పంచాంగాల మధ్య నడుస్తాయి. చుట్టూ ఉన్న బెంగాల్ అంతా దుర్గాపూజకు ముందు ఇళ్లకు రంగులు వేసుకుంటుంది. మేస్త్రీలు దొరికేదీ, దుకాణాల్లో రాయితీలు ఉండేదీ అప్పుడే. అయితే నాలుగు నెలల వానను పీల్చుకొని గోడలు అత్యంత తడిగా ఉండే కాలం కూడా అదే. పైకి పొడిగా కనిపించే ప్లాస్టరు లోపలి వరకు ఆరడానికి వారాలు పడుతుంది. తడిగోడ మీద పుట్టీ పెట్టి ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే లోపలి తేమ బయటికి రాలేక పొరను బుడగలుగా లేపుతుంది. ఆ బుడగల వెనుక బూజు నిశ్చింతగా పెరుగుతుంది. శ్రీకాకుళం వైపు సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేసే ఆనవాయితీ ఉన్న కుటుంబాలు ఈ విషయంలో అదృష్టవంతులు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది. ఏసీ చెమ్మ పట్టిన గోడకు ఆ నెలలే తగినవి. పూజకు ఇల్లు అందంగా ఉండాలంటే మిగతా గదులకు రంగు వేసి, ఆ ఒక్క గోడను గీకి వదిలేయడం మంచిది. బంధువులు అడిగితే కారణం చెప్పవచ్చు.

వెల్ల గురించి ఇంకొక మాట. పాత రైల్వే బంగళాలు, క్వార్టర్లలో మందపాటి ఇటుక గోడలు, ఎత్తైన పైకప్పు, గాలి ఆడే వెంటిలేటర్లు ఉంటాయి. సున్నపు పూత తేమను లోపల బంధించదు. తాజా సున్నానికి ఉండే తీవ్రమైన క్షారగుణం శిలీంధ్రాలకు సరిపడదు. కాలక్రమంలో గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఆ గుణం తగ్గుతుంది గనుకనే వెల్లను మళ్లీ మళ్లీ వేయవలసి వస్తుంది. ఏసీ పెట్టగానే మనం చేసే మొదటి పని వెంటిలేటర్లకు అట్టలు కొట్టడం, రెండవది సున్నం మీద ఎమల్షన్ వేయడం. ఆ ఇంటిని కట్టినవారి ఆలోచనకు రెండూ విరుద్ధమే. ఏసీ వద్దని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు, జూన్ నెలలో ఖరగ్‌పూర్‌లో ఆ మాట అనడం అన్యాయం. పగటిపూట ఏసీ లేనప్పుడు ఆ వెంటిలేటర్లను తెరిచే వీలు మిగుల్చుకోవాలి, అంతే.

క్వార్టరులో ఉన్నవారు గోడ, ప్లాస్టరు సమస్యను కాలనీలో నేటికీ ఐఓడబ్ల్యు ఆఫీసు అని పిలుచుకునే వర్క్స్ విభాగం సీనియర్ సెక్షన్ ఇంజనీరు కార్యాలయంలో రాతపూర్వకంగా నమోదు చేయించి, నకలు దగ్గర ఉంచుకోవాలి. ఏసీ సొంతదైతే దాని గొట్టం వల్ల గోడకు కలిగిన నష్టానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న క్వార్టరు ఖాళీ చేసేనాడు వస్తుంది. మరమ్మతుకు ముందు, తరువాత తేదీతో తీసిన ఫోటోలు అప్పుడు అక్కరకు వస్తాయి. అద్దె ఇంట్లో ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది.

ఏసీ వాడే నెలల్లో రెండు వారాలకొకసారి ఫిల్టరు కడగాలి. వేసవికి ముందు ఒకసారి ట్రే, గొట్టం శుభ్రం చేయించాలి. చలికాలానికి ఏసీ ఆపే రోజున చివరి అరగంట చల్లదనం లేకుండా ఫ్యాను మాత్రమే నడిపిస్తే లోపలి తడి ఆరిపోతుంది. నెలల తరబడి మూసి ఉన్న యంత్రంలో బూజు పెరగదు. ఫాల్గుణంలో మళ్లీ మొదలుపెట్టే ముందు బయటి గొట్టం చివరను తప్పక చూడాలి. చలికాలమంతా ఖాళీగా ఉన్న ఆ సన్నని రంధ్రంలో కందిరీగలు మట్టితో గూడు కడుతుంటాయి. చీపురుపుల్లతో దాన్ని తీసివేయడానికి ఒక్క నిమిషం చాలు.